పేజీ నంబరు లేని థీము మనకొద్దు

 

ఈసారి రాత కాస్త పొడుగు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవమని మనవి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం రాబోతున్నది. పదో తరగతి చదివే మన పిల్లలందరికీ తలా ఒక ఇంగ్లీషు గైడు ఉచితంగా పంచాలని, అందుకు విద్యానిధి నుంచి డబ్బు తీయాలని. గ్రూపులో అప్పుడే చాలామంది చప్పట్ల బొమ్మలు పెట్టేశారు. మేము పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. అందరికీ కలిపి ఇక్కడే జవాబు చెబుతున్నాం.

మేము ఆ తీర్మానాన్ని వ్యతిరేకిస్తున్నాం. డబ్బు ఖర్చవుతుందని కాదు. డబ్బు పిల్లల చదువుకు పోతే సంతోషమే. ఆ గైడు పిల్లలకు చదువు ఇవ్వదు, చదివే పనిని వాళ్ల చేతిలోంచి లాగేసుకుంటుంది. అందుకే వ్యతిరేకిస్తున్నాం.

గైడు తెరిచి చూడండి. పాఠం పేరు. కింద "థీము" అని ఒక మాట. "దేశభక్తి", "స్నేహం", "ధైర్యం", "స్త్రీ శక్తి", ఇలా. ఆ కింద ఒక పేరా. మధ్యలో కొటేషన్ గుర్తుల్లో పాఠంలోని ఒక వాక్యం. పిల్ల ఆ పేరాను బట్టీ పట్టాలి, పరీక్షలో దించాలి. ఈ పనికి పాఠం చదవక్కర్లేదు. పాఠ్యపుస్తకం పరీక్ష అయ్యేదాకా కొత్తగానే ఉంటుంది, గైడు మాత్రం అట్టలు ఊడిపోయి ఉంటుంది. మన కారిమంగళంలో ఏ ఇంట్లోనైనా చూడండి, ఇదే కథ.

థీము అంటే ఏమిటి? తెలుగులో సారం అనండి, మూలభావం అనండి, తమిళంలో మైయక్కరుత్తు అనండి. ఒక కథ ఏ సంగతి గురించో చెప్పడం థీము కాదు. "ఈ కథ భాష గురించి" అంటే అది విషయం. "భాషను ప్రేమించాలి" అంటే అది నీతి. "ఈ కథ భాష గురించి ఏమంటున్నది?" అన్న ప్రశ్నకు, కథను ఆధారం చేసుకుని, ఒక పూర్తి వాక్యంలో చెప్పే జవాబు థీము. ఒక్క మాటలో చెప్పగలిగితే అది థీము కాదు, లేబులు. లేబులు డబ్బా మీద అంటిస్తారు. డబ్బా తెరిచినవాడికే లోపల ఏముందో తెలుస్తుంది.

ఇక ఆధారం. ఇది ఇంగ్లీషువాళ్లు కొత్తగా కనిపెట్టిన వ్యవహారం కాదు. మేము తమిళ మాధ్యమంలో చదివినవాళ్లం. తమిళ పరీక్షలో "ఇడం సుట్టి పొరుళ్ విళక్కుగ" అని ప్రశ్న వచ్చేది. చోటు చూపించి అర్థం వివరించు అని. ఆ వరుస గమనించండి. ముందు చోటు, తర్వాత అర్థం. ఏ పాట, ఎవరు ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో చెప్పకుండా అర్థం ఎంత అందంగా రాసినా మార్కు పడేది కాదు. ఆంధ్రాలో చదివిన మన బంధువులు దీన్నే సందర్భసహిత వ్యాఖ్య అంటారు. పేరు ఏదైనా పని ఒకటే.

మా ఉద్యోగంలోనూ అంతే. రైల్వే గూడ్సు ఆఫీసులో సరుకు డెలివరీ కావాలంటే రైల్వే రశీదు చూపించాలి. "ఆ బస్తాలు మావే, ఊరందరికీ తెలుసు" అంటే కుదరదు. పెద్ద వ్యాపారి అయినా, ఎంత తెలిసినవాడైనా సరే. రశీదు పోయిందా, పూచీ పత్రం రాసి సంతకం పెట్టాలి, నష్టం వస్తే తనదే బాధ్యత అని. థీము చెప్పే పిల్లకూ అదే నియమం పెట్టండి. రశీదు ఏదమ్మా? ఏ పేజీ? ఏ వాక్యం? చూపించితే డెలివరీ. లేకపోతే ఆ మాట గోడౌనులోనే ఉండనీ.

మన ధర్మపురి జిల్లా పిల్లలందరికీ తెలిసిన కథతోనే చూద్దాం. పాత తగడూరు మనది. అదియమాన్ నెడుమాన్ అంజి ఏలిన నేల. అవ్వైయారుకు ఆయన ఉసిరికాయ ఇచ్చిన కథ చిన్న పిల్లలు కూడా చెబుతారు. ఈ కథకు థీము ఏమిటంటే ఎవరైనా "దానగుణం" అంటారు. సరే, రశీదు చూద్దాం. పుఱనానూఱు 91వ పాట అవ్వైయారే పాడింది. అందులో ఆమె ఏం చెప్పింది? ఎక్కడానికి కష్టమైన కొండ మీద పండిన తియ్యని ఉసిరికాయ అది. దాన్ని తెచ్చుకోవడం ఎంత కష్టమో ఆయన లెక్కపెట్టలేదు. దాని వల్ల వచ్చే మేలు ఏమిటో బయటికి చెప్పకుండా మనసులోనే దాచుకున్నాడు. తనకు చావు రాకుండా ఉండాలని ఇచ్చాడు.

ఆ "చెప్పకుండా దాచుకున్నాడు" అన్న చోటు దగ్గర ఆగండి. అది లేకపోతే ఇది మామూలు దానం కథ. దానం చేసేవాళ్లు లోకంలో లక్షమంది. అదియమాన్ చెప్పి ఉంటే అవ్వై తినేదా? "నువ్వే తిను రాజా, రాజ్యానికి నువ్వు కావాలి" అనేది కాదా? కాబట్టి పాట అంటున్నది ఇదీ: ఇచ్చినదాని విలువ చెప్పుకోకుండా ఇవ్వడమే నిజమైన ఇవ్వడం. ఇది పూర్తి వాక్యం. దీనికి పాటలో చోటు ఉంది. "దానగుణం" అన్న లేబులుకూ ఈ వాక్యానికీ ఎంత దూరమో చూశారా? ఆ దూరమే చదువు. గైడు ఆ దూరాన్ని పిల్ల చేత నడిపించదు. కొలిచి రాసి ఇచ్చేస్తుంది.

(ఒక మాట పక్కన. పెళ్లిళ్లలో చదివింపులు మైకులో చదివించే మన అలవాటుకు ఈ పాట ఏం చెబుతుందో సభ్యులు ఆలోచించుకోవచ్చు. అది ఇంకో వ్యాసం.)

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మన పిల్లల పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో "ద లాస్ట్ లెసన్" అనే పాఠం ఉంది. ఫ్రెంచి రచయిత ఆల్ఫాన్స్ దోదే 1873లో వేసిన కథల సంపుటిలోది. ఈ కథ అంటే మన సంఘానికి ప్రత్యేక ప్రేమ. ప్రతి తెలుగు భాషా దినోత్సవం నాడు ఎవరో ఒకరు మైకులో దీన్ని చెబుతారు. "చూడండి, బెర్లిన్ నుంచి ఉత్తర్వు వచ్చి ఫ్రెంచి పాఠం ఆగిపోయినట్టే మన తెలుగుకూ జరుగుతున్నది" అని. సభలో అందరూ తల ఊపుతారు. గైడులో ఉన్న లేబులూ ఇదే. "థీము: దేశభక్తి, మాతృభాషాభిమానం."

మేము ఆ పాఠం మొత్తం చదివాం. పిల్లల పుస్తకం అడిగి తెచ్చుకుని, ప్రతి వాక్యం పక్కన పెన్సిలు పెట్టి చదివాం. మీరూ చదవండి. కథలో ఏముందో వరుసగా చెబుతాం.

ఫ్రాంజ్ అనే కుర్రాడు బడికి ఆలస్యమయ్యాడు. వ్యాకరణం అప్పజెప్పాలి, అతనికి ఒక్క ముక్క రాదు. బయట ఎండ బాగుంది, పిట్టలు కూస్తున్నాయి, బడి ఎగ్గొడదామా అనుకుంటాడు. నోటీసు బోర్డు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. బడికి పోతే అంతా నిశ్శబ్దం. హామెల్ మాస్టారు ఇనస్పెక్షను రోజున, బహుమతుల రోజున వేసుకునే మంచి బట్టలు వేసుకుని ఉన్నాడు. వెనక బెంచీల మీద ఊరి పెద్దలు కూర్చున్నారు. పాత మేయరు, పాత పోస్టుమాస్టరు, హౌజర్ తాత. తాత చేతిలో అంచులు నలిగిపోయిన అక్షరాల పుస్తకం. ఆల్సాస్, లొరైన్ బడుల్లో ఇక జర్మనే చెప్పాలని బెర్లిన్ నుంచి ఉత్తర్వు వచ్చింది, ఇదే చివరి ఫ్రెంచి పాఠం అని మాస్టారు చెబుతాడు.

ఇంతవరకు గైడు చెప్పినట్టే ఉంది. ఇక్కడి నుంచి చూడండి.

ఫ్రాంజ్ అప్పజెప్పలేక నిలబడిపోతాడు. మాస్టారు తిట్టడు. తిట్టకుండా ఏమంటాడు? ఉత్తర్వు వేసిన బెర్లిన్‌ను తిట్టాడా? లేదు. మన ఆల్సాస్‌కు పట్టిన జబ్బే ఇది, ప్రతిరోజూ రేపు నేర్చుకుందాంలే అనుకోవడం, అంటాడు. ఫ్రెంచివాళ్లమని చెప్పుకుంటారు, మీ భాష మీకు మాట్లాడటం రాదు, రాయటం రాదు అని ఇప్పుడు వాళ్లు మనల్ని వెక్కిరించడానికి హక్కు దొరికింది అంటాడు. తర్వాత తల్లిదండ్రుల వంతు. నాలుగు డబ్బులు వస్తాయని పిల్లల్ని పొలానికో మిల్లుకో పంపారు అంటాడు. చివరికి తన వంతు. పాఠం చెప్పాల్సిన వేళ మొక్కలకు నీళ్లు పోయమని పిల్లల్ని పంపానని, చేపలు పట్టడానికి పోవాలనిపిస్తే సెలవు ఇచ్చేశానని నలభై ఏళ్ల మాస్టారు నిండు తరగతిలో చెబుతాడు.

లెక్క వేయండి. మేము లెక్కలు చూసే గుమాస్తాలం, లెక్కే వేస్తాం. కథ మధ్యలో ఉన్న ఆ పెద్ద ప్రసంగంలో పాలకుల మీద నేరం ఎన్ని వాక్యాల్లో ఉంది? వాయిదా వేసినవాళ్ల మీద ఎన్ని వాక్యాల్లో ఉంది? వెనక బెంచీలో హౌజర్ తాత చిన్నపిల్లలతో కలిసి గుణింతం వల్లె వేస్తుంటాడు, గొంతు వణుకుతుంటుంది. ఆ ముసలాయనకు అక్షరాలు రాకుండా ఆపింది నిన్నటి ఉత్తర్వా? ఆయన ఒక జీవితకాలం ఆ బడి పక్కనే ఉన్నాడు కదా!

కాబట్టి "పాలకుడు భాషను లాక్కుంటాడు" అన్న థీముకు కథలో ఆధారం ఉంది, కాదనం. ఉత్తర్వు ఉంది. కిటికీ కింద సైనికుల బూరలు ఉన్నాయి. పావురాల చేత కూడా జర్మన్‌లోనే కూయిస్తారా అని కుర్రాడు అనుకోవడం ఉంది. అయితే "చేతిలో ఉన్నప్పుడు వాయిదా వేసినవాడికి, పోయే రోజున దాని విలువ తెలుస్తుంది" అన్న వాక్యానికి కథ మొదటి పేరా నుంచి చివరిదాకా ఆధారం ఉంది. ఆలస్యంగా బడికి బయల్దేరిన కుర్రాడితోనే కథ మొదలవుతున్నది మరి! ఏ వాక్యం కథలో ఎక్కువ చోట్లను కలుపుకుని నిలబడుతుందో అదే బలమైన థీము. ఇది పరీక్షకు పనికొచ్చే కొలత. ఇంటికీ పనికొచ్చే కొలత.

ఇంకొక అడుగు వేద్దాం. కథలోని పేర్లు చూడండి. కమ్మరి పేరు వాఖ్టర్. తాత పేరు హౌజర్. ఇవి ఫ్రెంచి పేర్లా? కావు, జర్మన్ వాసన ఉన్న పేర్లు. చరిత్ర చూస్తే సంగతి తెలుస్తుంది. 1870-71 యుద్ధంలో ఫ్రాన్సు ఓడి, 1871 మే నెలలో ఫ్రాంక్‌ఫర్టు ఒప్పందంతో ఆల్సాస్‌ను, లొరైన్‌లో ఒక భాగాన్ని జర్మనీకి వదులుకుంది. ఆ ఆల్సాస్ పల్లెల్లో చాలామంది ఇంట్లో మాట్లాడుకున్నది ఫ్రెంచి కాదు, ఆల్సేషియన్ అనే జర్మన్ మాండలికం. 1918 తర్వాత ఆ నేల మళ్లీ ఫ్రాన్సు చేతికి వచ్చినప్పుడు బడుల్లో ఫ్రెంచిని పెట్టారు. అంటే ఇటు రాజు మారినా అటు రాజు మారినా ఆ పల్లె ఇంటి పలుకుకు బడిలో పెద్దపీట దొరకలేదు. ఫ్రాంజ్ ఇంట్లో వాళ్లమ్మతో ఏ భాషలో మాట్లాడేవాడు? కథ చెప్పదు.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, ఈ కథను మైకులో తమిళం మీద రాయిలా విసిరే మన వక్తలు ఒక్కసారి ఆగాలి. కథలోని ఫ్రెంచి మన తెలుగు అని ఎవరు తేల్చారు? బడి భాష వేరు, ఇంటి భాష వేరు అయిన ఊరు కథ అది. మనమూ అటువంటి ఊరివాళ్లమే. మన ఇంటి తెలుగు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. సంతలో మనం మాట్లాడేది తమిళం, పొయ్యి దగ్గర మాట్లాడేది తెలుగు, పిల్ల పరీక్ష రాసేది ఇంగ్లీషు. తమిళం మనకు అన్నం పెట్టిన భాష, మాకు అక్షరం నేర్పిన భాష. దాన్ని శత్రువు చేసుకుంటే మిగిలేది ఏమీ లేదు. తెలుగు కావాలని అడగడం వేరు, తమిళాన్ని తిట్టడం వేరు. కథ చదివినవాడికి ఈ తేడా తెలుస్తుంది. లేబులు చదివినవాడికి తెలియదు.

"ఇదంతా పెద్దల గొడవ, పిల్లకు మార్కులు కావాలి" అని ఒక తమ్ముడు గ్రూపులో రాశాడు. న్యాయమైన మాటే, జవాబు చెబుతాం. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఇంగ్లీషు చదివిన మొదటి తరం. 35 దాటితే చాలనుకునే ఇళ్లు ఉన్నాయి. ఫెయిలైతే కూతుర్ని చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టే తండ్రులు ఉన్నారు. ఆ భయం నిజం. దాన్ని మేము తక్కువ చేయం. మాటల అర్థాలకు, వ్యాకరణం అభ్యాసాలకు ఎవరి ఇంట్లో గైడు ఉన్నా మాకు అభ్యంతరం లేదు.

అయితే తమ్ముడూ, పదో తరగతితో చదువు ఆగుతుందా? బ్యాంకు పరీక్ష, ఎస్సెస్సీ పరీక్ష రాసేచోట ఇంగ్లీషులో ఎప్పుడూ చూడని పేరా ఒకటి ఇస్తారు. దీని ముఖ్యమైన అభిప్రాయం ఏది, రచయిత ఏ మాట వల్ల అది తెలుస్తున్నది అని అడుగుతారు. దానికి గైడు ఎక్కడ దొరుకుతుంది? పదో తరగతిలో కూడా ప్రశ్నను కాస్త తిప్పి, "హామెల్ మాస్టారు ఎవరిని నిందించాడు, అది సబబేనా" అని అడిగితే, దేశభక్తి పేరా బట్టీ పట్టిన పిల్ల అదే పేరా దించి వస్తుంది. అడిగినది ఒకటి, రాసినది ఒకటి. దిద్దే టీచరుకు తెలియదా? నలభై పేపర్లలో అదే పేరా, అదే తప్పుతో సహా ఉంటే ఎవరికైనా తెలుస్తుంది.

"ఇప్పుడు గైడు కూడా అక్కర్లేదు మామా, ఫోనును అడిగితే థీము, కొటేషను అన్నీ చెప్పేస్తుంది" అని ఒక కుర్రాడు అన్నాడు. చెబుతుంది, నిజమే. ఒక్కోసారి పాఠంలో లేని వాక్యాన్ని కూడా ఉన్నట్టే కొటేషన్ గుర్తులు పెట్టి చెబుతుంది. పాఠం చదవని పిల్ల దాన్ని పట్టుకోగలదా? పుస్తకం తెరిచి పేజీ వెతికే అలవాటు ఉన్న పిల్లే పట్టుకోగలదు. కాబట్టి ఫోను వచ్చాక పేజీ నంబరు అడిగే అలవాటు ఇంకా ఎక్కువ కావాలి, తక్కువ కాదు.

మూడో అభ్యంతరం చదువుకున్నవాళ్ల నుంచి వచ్చింది. సాహిత్యంలో ఒకే సరైన జవాబు ఉండదు, ఎవరి థీము వాళ్లది, ఆధారం పేరుతో పిల్లల ఊహను కట్టేయొద్దు అని. అయ్యా, ఒకటే సరైన జవాబు ఉంటుందని మేము అనలేదు. తిరుక్కురళ్‌కు పాతకాలంలోనే పదిమంది ఉరై రాశారని తమిళులు చెప్పుకుంటారు. పరిమేలళగర్ ఒకలా చెప్పిన చోట ఇంకొకరు వేరేలా చెప్పారు. ఇద్దరినీ ఈ రోజుకీ చదువుతున్నారు. ఎందుకని? ఇద్దరూ మూలంలోని మాట చూపించి మాట్లాడారు. దారులు చాలా ఉండవచ్చు. దారులన్నీ మూలంలో నుంచే బయల్దేరాలి. ఊహకు ఆధారం సంకెల కాదు, నేల. నేల లేకపోతే గెంతడం కూడా కుదరదు.

మన తెలుగువాళ్లకు ఈ విషయంలో ఎవరి దగ్గరా నేర్చుకోవాల్సిన అవసరం లేదు. మెదకు ప్రాంతంలోని కొలిచెలమ, ఇప్పటి కొల్చారం, అక్కడి కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు, భారవికి, మాఘుడికి వ్యాఖ్యానాలు రాశాడు. దేశమంతా సంస్కృతం చదివేవాళ్లు ఆయన చేయి పట్టుకునే ఆ కావ్యాల్లోకి వెళతారు. ఆయన తన పనికి పెట్టుకున్న నియమం ఏమిటి? మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను. ఇంగ్లీషు టీచరు ఇప్పుడు అడిగే టెక్స్చువల్ ఎవిడెన్సుకు ఇంతకంటే మంచి నిర్వచనం ఉందా?

గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకోండి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజే మనం దండలు వేసే తెలుగు భాషా దినోత్సవం. వాడుక భాషలో పుస్తకాలు రావాలని ఆయన వాదించినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లు మహాపండితులు. ఆయన గొంతు పెంచి గెలిచారా? పాత గ్రంథాలు తవ్వి, ఇదిగో ఈ పుస్తకంలో ఈ ప్రయోగం ఉంది, ఇదిగో పూర్వులే ఇలా రాశారు అని ఏరి ఏరి చూపించారు. గద్యచింతామణి అలా పుట్టిందే. ఈ రోజు మనం ఈ గ్రూపులో ఇలా వాడుక తెలుగులో రాసుకుంటున్నామంటే ఆ ఆధారాల పుణ్యమే. ఆయన ఫొటోకు దండ వేసి, పిల్ల చేతిలో గైడు పెడతామా?

ఇది పిల్లల పరీక్షతో ఆగే సంగతి కాదు. సంఘం పనికీ ఇదే కావాలి. 2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని రాయించుకున్నవాళ్లు దాదాపు 42 లక్షలు. 2006లో తమిళం తప్పనిసరి చేసే చట్టం వచ్చి, ఒకటో తరగతి నుంచి ఏడాదికొక మెట్టు ఎక్కి 2016 నాటికి పదో తరగతి పరీక్షకు చేరింది. భాషా అల్పసంఖ్యాకులు కోర్టుకు వెళ్లి పిల్లలకు మినహాయింపులు తెచ్చుకున్నారు. కోర్టులో వాళ్లు కన్నీళ్లు చూపించలేదు, కాగితాలు చూపించారు. రాజ్యాంగంలో 350ఏ అధికరణం ఉంది, 1956లో ఏడో సవరణతో చేరింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించాలని చెబుతుంది. అర్జీలో "మా తల్లి భాష ఏడుస్తున్నది" అని రాస్తే ఏ ఆఫీసరైనా జాలిపడి పక్కన పెడతాడు. అధికరణం నంబరు, పిల్లల సంఖ్య, ఊరి పేరు, తేదీ రాస్తే జవాబు రాయక తప్పదు. ఆధారం అడిగే పిల్ల రేపు ఆధారం ఇచ్చే పౌరురాలు అవుతుంది. మన అర్జీలు రేపు రాయాల్సింది ఆ పిల్లే.

వద్దు అనడం సులభం, ఏం చేయాలో చెప్పు అంటారు. చెబుతున్నాం. విద్యానిధి డబ్బును ఇలా వాడదాం.

ఒకటి. ఆదివారం ఉదయం ఒక గంట, మండపంలో చదివే తరగతి. గైడు లోపలికి రాకూడదు. పాఠ్యపుస్తకం, పెన్సిలు, నోటు చాలు. ఒక్కొక్క పిల్ల ఒక్కొక్క పేరా పైకి చదవాలి.

రెండు. చదివాక మూడు ప్రశ్నలు. కథ మొదట్లో ఉన్న మనిషికి, చివర్లో ఉన్న మనిషికి ఏం తేడా వచ్చింది? కథలో ఏ వస్తువు, ఏ మాట మళ్లీ మళ్లీ వచ్చింది? రచయిత ఎక్కడ ఆగి ఎక్కువ చెప్పాడు? ఈ మూడింటికి జవాబు దొరికితే థీము దానంతటదే పైకి తేలుతుంది.

మూడు. థీమును పూర్తి వాక్యంలో చెప్పాలి. చెప్పాక పేజీ నంబరు, ఆ చోట ఎవరు ఎవరితో అన్నారో చెప్పాలి. ఆ తర్వాత "కాబట్టి" అని మొదలుపెట్టి, ఆ మాటకూ తన వాక్యానికీ ఉన్న ముడి చెప్పాలి. కొటేషను పెట్టి ఊరుకుంటే రశీదు బల్లమీద పెట్టి సరుకు తీసుకోకుండా వెళ్లినట్టు. చాలామందికి మార్కు పోయేది ఈ మూడో మెట్టు దగ్గరే.

నాలుగు. ఎదురు ఆధారం వెతకాలి. తన వాక్యానికి అడ్డు వచ్చే చోటు కథలో ఉందా? ఉంటే వాక్యాన్ని సరిచేసుకోవాలి. "దేశభక్తి" అన్న పిల్లకు హామెల్ మాస్టారు చేపల సంగతి చూపించండి. ఆ వాక్యం ఎలా మారుతుందో మీరే చూస్తారు.

ఐదు. వాదన ముందు తెలుగులోనో తమిళంలోనో జరగనివ్వండి. ఆలోచన ఇంటి భాషలో నిలబడ్డాక ఇంగ్లీషులో రాయించండి. ఇంగ్లీషు రాదని పిల్ల నోరు మూసుకుంటే ఆలోచనా మూసుకుపోతుంది. మాట రాకపోవడం వేరు, బుద్ధి లేకపోవడం వేరు.

ఆరు. నెలకొక తెలుగు కథ. మొదటి నెల గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు" పెడదాం. 1910లో వచ్చిన చిన్న కథ. ఎవరు ఎవరిని దిద్దారు అన్న ఒక్క ప్రశ్న వేసి, భార్య రాసిపెట్టిన ఉత్తరం దగ్గర ఆపండి. ఆ ఉత్తరం రాయగలగడమే ఏమి చెబుతున్నదో పిల్లలు చెబుతారు. తెలుగు చదవలేని పిల్లలకు పెద్దలు చదివి వినిపించాలి. అలా అక్షరాల మీద కూడా కన్ను పడుతుంది.

ఏడు. వెనక బెంచీ ఒకటి పెద్దలకు వేయాలి. హౌజర్ తాత చివరి రోజున వచ్చి కూర్చున్నాడు. మనం మొదటి రోజునే వచ్చి కూర్చుందాం. తెలుగు అక్షరాలు రాని పెద్దలు మనలో ఎందరో ఉన్నారు. అందులో సిగ్గు ఏమీ లేదు, మన కాలపు బడిలో ఆ అక్షరాలు లేవు. ఇప్పుడు పుస్తకం ఉంది, ఆదివారం ఉంది.

తరగతి తీసుకోవడానికి ఇంగ్లీషు తెలిసిన ఇద్దరు ముగ్గురు కాలేజీ పిల్లలు చాలు. వాళ్లకు దారి ఖర్చు, కాస్త గౌరవ వేతనం విద్యానిధి నుంచి ఇద్దాం. మిగిలిన డబ్బుతో కథల పుస్తకాలు కొందాం. గైడు ఒక ఏడాదికి చెత్తకుప్పలోకి పోతుంది. కథల పుస్తకం చెల్లెలికి, ఆ తర్వాత పక్కింటి పిల్లకు పోతుంది.

కాబట్టి సభ్యులకు మా విన్నపం. సమావేశానికి వచ్చేముందు మీ ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంటే, లేకపోతే పక్కింట్లో ఉంటే, ఆ పాఠం తెరిపించండి. "దీని థీము ఏమిటి?" అని అడగండి. చెబుతుంది. "ఎక్కడుంది, చూపించు" అనండి. చూపించగలిగితే గైడు ఆమెకు అక్కర్లేదు. చూపించలేకపోతే గైడు ఆమెకు పనికిరాలేదు. రెండు విధాలా తీర్మానానికి జవాబు అక్కడే దొరుకుతుంది.

మేము చెప్పినదాంట్లో ఏదైనా పాఠంలో లేదనిపిస్తే పేజీ నంబరుతో సహా కింద రాయండి. చప్పట్ల బొమ్మలు వద్దు, పేజీ నంబర్లు పెట్టండి. సమావేశంలో కలుద్దాం.